అర నిమిషం గుర్రపు స్వారీ

సంపాదకులవారికి నమస్కారం.

ఏప్రిల్ మూడో వారంలో ఒక పొద్దున మీ పేపరు మడత విప్పుతుంటే మధ్యలోంచి పిల్లల వేసవి శిబిరం గురించిన గులాబీ రంగు కరపత్రం ఒకటి జారి నా ఒళ్లో పడింది. తప్పు మీదని చెప్పడానికి ఈ ఉత్తరం రాయడం లేదు. కరపత్రాలు పెట్టేది మీరు కాదని, తెల్లారగట్ల ఏజెంటు దగ్గర కుర్రాళ్లు పెడతారని నాకు తెలుసు. కానీ ఆ కబురు మా ఇంటికి మీ పేపరు చంకనెక్కే వచ్చింది. దాని తరువాయి కథ కూడా మీ పేపర్లోనే వస్తే బాగుంటుందని రాస్తున్నాను.

నేను ప్రభుత్వాసుపత్రిలో స్టాఫ్ నర్సుగా 31 ఏళ్లు చేసి రిటైరయ్యాను. అందులో పదకొండేళ్లు పిల్లల వార్డు. విజయవాడ సత్యనారాయణపురంలో మా అమ్మాయి దగ్గర ఉంటున్నాను. ఆమెది బ్యాంకు ఉద్యోగం. అల్లుడిది వారంలో నాలుగు రోజులు ఊళ్లు తిరిగే ఉద్యోగం. మనవరాలికి ఎనిమిదేళ్లు, బడి తెరిస్తే నాలుగో తరగతి. ఇంట్లో చిట్టి అంటాం, ఇక్కడా అలాగే రాస్తాను.

మామూలుగా అయితే సెలవుల్లో దాన్ని నేనే చూసుకుంటాను. ఈసారి ఏప్రిల్లో నా కుడికంటికి శుక్లాల ఆపరేషన్ అయింది. వంగకూడదు, పొయ్యి దగ్గర నిలబడకూడదు, గంటగంటకీ కంట్లో చుక్కలు. సెలవులిచ్చిన మూడో రోజుకల్లా చిట్టి చేతికి ఫోను అతుక్కుపోయింది. లాక్కుంటే ఏడుపు, ఇస్తే మా అమ్మాయికి బాధ. అలాంటప్పుడు కరపత్రం కనిపిస్తే ఏం చేస్తాం? దేవుడే పంపాడనుకున్నాం.

కరపత్రంలో ఏముందో చెప్పాలి. 15 రోజుల వేసవి శిబిరం, 14 అంశాలు. స్విమ్మింగ్, గుర్రపు స్వారీ, రోబోటిక్స్, వేదిక్ మ్యాథ్స్, కరాటే, చేతిరాత, నలుగురిలో మాట్లాడటం, నిప్పు లేని వంట, ఇంకా ఏవేవో. పొద్దున తొమ్మిదిన్నర నుంచి ఒంటిగంట దాకా. ఫీజు 4,500. "ముందుగా వచ్చిన 50 మందికి మాత్రమే" అని ఎర్రక్షరాలు. ఒక పిల్ల పదిహేను రోజుల్లో పద్నాలుగు విద్యలు ఎలా నేర్చుకుంటుందని నాకు అప్పుడే అనుమానం రావాలి. రాలేదు. వార్డులో ఎవరైనా ఒకే గోలీకి పద్నాలుగు జబ్బులు పోతాయంటే తరిమికొట్టేదాన్ని. మనవరాలి దగ్గరికొచ్చేసరికి ఆ తెలివి ఎక్కడికి పోయిందో.

డబ్బు కట్టాక టీషర్టుకు 350, వ్యానుకు 1,200 అన్నారు. మొత్తం 6,050 అయింది. రసీదు వెనక సన్నక్షరాల్లో "చెల్లించిన రుసుము ఎట్టి పరిస్థితుల్లోనూ తిరిగి ఇవ్వబడదు" అని ఉంది. అది నేను చదివింది తర్వాత, రెండో కంటితో.

మొదటి రోజు మధ్యాహ్నానికల్లా మా అమ్మాయి ఫోనులో వాట్సాప్ గ్రూపు మోగడం మొదలుపెట్టింది. రోజుకు నలభై ఫొటోలు. రంగులు పూసుకున్న చేతులు, వరసలో నిలబడి కరాటే పిడికిళ్లు, నీళ్ల టబ్బులో నవ్వుతున్న పిల్లలు. మా అమ్మాయి కౌంటర్లో కూర్చునే అవి చూసుకునేది. నేనూ చూసి మురిసిపోయాను. బందరులో ఉన్న మా చెల్లెలికి పంపాను, అమెరికాలో ఉన్న కొడుక్కి పంపాను. వాళ్లు ఇంకెవరికి పంపారో నాకు తెలియదు.

నాలుగో రోజు వచ్చింది గుర్రం ఫొటో. చిట్టి గుర్రం మీద కూర్చుని ఉంది. నెత్తిన ఎర్ర హెల్మెట్, చేతిలో కళ్లెం. ఝాన్సీరాణిలా ఉందని నేనే అన్నాను. ఆ రాత్రి కొడుకు ఫోన్ చేసి "ఏమే చిట్టీ, గుర్రపు స్వారీ నేర్చేసుకున్నావా?" అని అడిగాడు. మామయ్య ఫోనంటే ఎగిరి గంతేసే పిల్ల ఏమీ మాట్లాడలేదు. ఫోను నా చేతికిచ్చి బాల్కనీలోకి పోయింది. వెనకాలే వెళ్లి ఏమైందే అంటే, "నేను గుర్రం ఎక్కినట్టా, ఎక్కనట్టా అమ్మమ్మా?" అంది.

విడమర్చి అడిగితే తెలిసింది. గుర్రం ఒక్కటే. పిల్లలంతా షెడ్డు ముందు ఎండలో వరస కట్టారు. గుర్రం అతను ఒక్కొక్కర్నీ ఎత్తి కూర్చోబెడతాడు, హెల్మెట్ పెడతారు, ఒకాయన "చిన్నా, ఇటు చూడు" అంటాడు, ఫొటో, దింపేస్తాడు. గుర్రం ఒక్క అడుగు కూడా వేయలేదు. చిట్టి వంతు వచ్చేసరికి ముప్పావుగంట పట్టింది, గుర్రం మీద ఉన్నది అర నిమిషం. అప్పుడు ఆ ఫొటో మళ్లీ తీసి పెద్దది చేసి చూశాను. గుర్రం మెడలో పూసల దండలు, నుదుట అద్దాల పట్టీ. ఊరేగింపులకు అద్దెకిచ్చే పెళ్లిగుర్రం. పాపం, దాని కాళ్ల దగ్గర కూడా నీళ్ల బక్కెట్ లేదు. ఒకే హెల్మెట్ అందరి తలలకూ తిరిగిన ఫలితం తర్వాతి వారంలో మా ఇంటి పేలదువ్వెనకు తెలిసింది, అది వేరే సంగతి.

రోబోటిక్స్ గురించి అడిగాను. "సార్ చేతిలో ఉంటుంది. మేం ముట్టుకోకూడదు. ఫొటో తీసేటప్పుడు ఒకళ్లని పట్టుకోమంటారు." స్విమ్మింగ్? గాలి కొట్టిన ప్లాస్టిక్ టబ్బు, మోకాలి లోతు నీళ్లు, విడతకు పదిమంది. ఆ నీళ్లు ఎప్పుడు మార్చారని అడిగితే చిట్టి నవ్వింది. నిప్పు లేని వంట అంటే బిస్కెట్ మీద జామ్ రాయడం. మిగతా టైమంతా ఏం చేస్తారే అంటే "కార్టూన్ వేస్తారు" అంది. ఏ కార్టూన్ చూడకూడదని పిల్లను ఇంట్లోంచి పంపించామో, ఆరువేలు కట్టి అదే చూపిస్తున్నాం.

ఇంతవరకూ అయితే మోసపోయాం, పోనీలే అనుకుని ఊరుకునేదాన్ని. చిన్న మోసాలకు ఉత్తరాలు రాసుకుంటూ కూర్చుంటే బెజవాడలో కాగితాలు చాలవు. నన్ను కదిలించింది ఫొటోల్లో పడని సంగతి.

రెండో రోజు నుంచే చిట్టి నీళ్ల సీసా వెళ్లింది వెళ్లినట్టు తిరిగొస్తోంది. ఎండలో ఆడి వచ్చిన పిల్ల సీసా నిండుగా ఉండటం ఏమిటి? అడిగితే "దాహం వేయలేదు" అంది. నాకు పాత అలవాటు ఒకటి ఉంది. వార్డులో వాంతులు, విరేచనాల పిల్లలకు మంచం దగ్గర చార్టు పెడతాం. ఎంత తాగారు, ఎన్నిసార్లు మూత్రం పోశారు, ఏ రంగు. గోడమీది క్యాలెండర్ వెనక్కి తిప్పి అలాంటి చార్టే గీసి చిట్టికి చెప్పకుండా రాసుకున్నాను. పొద్దున తొమ్మిదికి ఇంటి నుంచి వెళ్లేముందు ఒకసారి. ఒంటిగంటన్నరకు వ్యాను దిగాక లేదు. మూడింటికి లేదు. నాలుగున్నరకు వెళ్లింది, చిక్కటి టీ డికాషన్ రంగు. ఏడున్నర గంటలు! కళ్లు కాస్త లోపలికి పోయి, పెదాలు ఎండి, అన్నం వద్దని పడుకునేది. మేం ఆటలాడి అలసిపోయిందనుకున్నాం. పిల్లల వార్డులో పదకొండేళ్లు చేసినదాన్ని, నేను కూడా మూడు రోజులు అలాగే అనుకున్నాను. రాయడానికి సిగ్గుగా ఉంది గానీ నిజం.

అయిదో రోజు ఆటో కట్టించుకుని నేనే వెళ్లాను, నల్లకళ్లద్దాలు పెట్టుకుని. ఆ శిబిరం పేరు, అది ఏ పేటలో ఉందో రాయను. గేటు దగ్గర కుర్రాడు ఆపాడు. "పేరెంట్స్ లోపలికి రాకూడదు మేడమ్, పిల్లలు డిస్టర్బ్ అవుతారు." నేను పేరెంటును కాదు నాయనా, అమ్మమ్మను అన్నాను. ఆ మాటకు అతను ఏం చెప్పాలో తేల్చుకునేలోపు లోపలికి వెళ్లిపోయాను.

రేకుల షెడ్డు. పైన థర్మాకోల్ పలకలు, కింద ఆకుపచ్చ ప్లాస్టిక్ గడ్డి చాప. నాలుగు ఫ్యాన్లలో రెండు తిరుగుతున్నాయి. గోడ మీద కార్టూన్ ఆడుతోంది, వెలుతురుకి బొమ్మ సరిగా కనపడదు. వార్డు రౌండుకి వెళ్లినట్టు తలలు లెక్కపెట్టాను. 64 మంది. కరపత్రంలో యాభై అన్న సంగతి గుర్తుంచుకోండి. ఇంతమందిని చూసుకోవడానికి ఇద్దరే ఆడపిల్లలు, ఇంటర్ పరీక్షలు రాసినవాళ్లు. మిగతా పెద్దవాళ్లు ముగ్గురూ బయట చెట్టుకింద ఉన్నారు. వాళ్లలో ఒకాయన మెడలో కెమెరా.

మంచినీళ్ల క్యాను మూల ఉంది, ఇరవై లీటర్లది, అడుగున నాలుగు వేళ్ల నీళ్లు. ముట్టుకుంటే వేడిగా ఉంది. స్టీలు గ్లాసు ఒకటి గొలుసుతో కట్టి ఉంది. రెండు మరుగుదొడ్లు. ఒకదానికి తాళం వేసి "స్టాఫ్" అని రాశారు. రెండోది పిల్లలకు, మగపిల్లలకూ ఆడపిల్లలకూ అదే. కొళాయిలో చుక్క రావడం లేదు. తలుపుకు గడియ లేదు. గడియ ఉండాల్సిన కన్నంలోంచి పాత చున్నీ ముక్క వేలాడుతోంది. ఒకరు లోపలికి వెళ్తే ఇంకొకరు బయట నిలబడి ఆ ముక్క లాగి పట్టుకోవాలి. మొదటి రోజు చిట్టి లోపల ఉండగా, పట్టుకున్న పిల్ల ఆట మొదలైందని వదిలేసి పరిగెత్తిందట. తలుపు తెరుచుకుంది. బయట పెద్ద మగపిల్లలు నవ్వారట.

అప్పట్నుంచి చిట్టి అక్కడ బాత్రూమ్‌కి వెళ్లడం మానేసింది. వెళ్లకూడదంటే తాగకూడదు. ఎనిమిదేళ్ల పిల్ల తనంతట తాను వేసుకున్న లెక్క అది. మాకు చెప్పలేదు. చెబితే క్యాంపు మాన్పిస్తామని కాదు, మామయ్య దాకా ఫొటోలు పోయాయి కదా, అందరూ సంతోషంగా ఉన్నారని చెప్పలేదు. ఈ మాట అది నాతో అన్నది తర్వాత వారం రోజులకు, అన్నం తింటూ తింటూ, వేరే సంగతేదో మాట్లాడుతూ.

ఆ ఇంటర్ పిల్లల్లో ఒకమ్మాయి నా దగ్గరికి వచ్చింది. నేను నర్సునని తెలిశాక మెల్లగా చెప్పింది. రోజుకు 300 ఇస్తారట. పొద్దున ఎనిమిదికి వచ్చి రెండింటికి వెళ్తుంది. ఇంటి నుంచి రెండు లీటర్ల సీసా తెచ్చుకుని, అది కూడా చిన్నపిల్లలకే పోసేస్తోంది. "నిన్న ఒక బాబు వాంతి చేసుకున్నాడాంటీ. సార్‌కి చెబితే ఫ్యాన్ కింద పడుకోబెట్టమన్నారు. నాకు భయమేసింది" అంది. పద్దెనిమిదేళ్లు కూడా నిండనట్టుంది. భయపడాల్సినవాళ్లు చెట్టుకింద ఉన్నారు, భయం మాత్రం ఈ పిల్ల పడుతోంది.

చెట్టుకింద ఉన్న, శిబిరం నడిపే పెద్దమనిషితో మాట్లాడాను. మర్యాదస్తుడే, కుర్చీ వేయించాడు. పిల్లలకు నీళ్లేవి అంటే "ఓఆర్ఎస్ ఇస్తున్నాం మేడమ్, హెల్త్ విషయంలో మేం కాంప్రమైజ్ అవ్వం" అన్నాడు. చూపించమన్నాను. బక్కెట్లో నారింజరంగు నీళ్లు, పక్కన పొడి పొట్లాలు. నాలుక మీద వేసుకున్నాను. పానకం! ప్రపంచ ఆరోగ్య సంస్థ చెప్పిన ఓఆర్ఎస్‌లో లీటరుకు 13.5 గ్రాముల గ్లూకోజు ఉంటుంది, దాంతోపాటు కొలత ప్రకారం లవణాలు. తీపి ఎక్కువైతే మేలు చేయకపోగా విరేచనాలు పెంచుతుంది. తీపి పానీయాల మీద ఓఆర్ఎస్ అని రాసి అమ్మకూడదని కేంద్ర ఆహార భద్రతా సంస్థ 2025 అక్టోబరులో ఆదేశించింది. దానికోసం హైదరాబాద్‌లో ఒక పిల్లల డాక్టరమ్మ ఏళ్ల తరబడి పోరాడింది. అంత పోరాటం చేసి సీసాల మీద అక్షరాలు చెరిపిస్తే, ఇక్కడ బక్కెట్‌కి ఆ పేరు పెట్టారు. ఇంట్లో చేసుకోవడం ఏమంత విద్య కాదు. లీటరు కాచి చల్లార్చిన నీళ్లు, ఆరు చెంచాల పంచదార, అర చెంచా ఉప్పు, అదీ చిన్న చెంచాతో, గీటు కొట్టి. ఒక రోజు దాటితే పారబోసి మళ్లీ కలుపుకోవాలి. ఆయనకు అక్కడే చెప్పాను. తలూపాడు.

టైము సంగతి కూడా అడిగాను. మే నెలలో విజయవాడ ఎండ సంగతి మీకు కొత్తగా చెప్పేదేముంది. మండలాలవారీగా వడగాడ్పుల హెచ్చరికలు మీరే వేస్తున్నారు. మధ్యాహ్నం బయటికి రావొద్దని అధికారులు చెబుతుంటే, సరిగ్గా ఒంటిగంటకు పిల్లల్ని వ్యానులో కుక్కి ఊరంతా తిప్పడం ఏమిటి? "ఏడింటికి పెడితే పేరెంట్స్‌కి కుదరదు మేడమ్" అన్నాడు. అందులో కొంత నిజముంది. మా అమ్మాయికీ ఏడింటికి కుదరదు.

మీకు అనుమతి ఏముందని అడిగాను. బడి పెట్టాలంటే గుర్తింపు కావాలి. ఇడ్లీ బండి పెట్టుకున్నా ఆహార భద్రత రిజిస్ట్రేషన్ కావాలి. 64 మంది పిల్లల్ని పొద్దున్నుంచి మధ్యాహ్నం దాకా దగ్గర పెట్టుకునేవాళ్లకు ఏ కాగితం ఉంది? ఆయన ఫోనులో వెతికి జీఎస్టీ నంబరు చూపించాడు.

ఆఖరి రోజు విహారయాత్ర అని కరపత్రంలో లేని పదిహేనో అంశం ఒకటి ఉంది. కృష్ణ ఒడ్డుకి తీసుకెళ్తారట, మనిషికి 600. నీళ్ల దగ్గరికి ఇంతమందిని తీసుకెళ్తున్నారు, ఎంతమంది పెద్దవాళ్లు వస్తున్నారు, లైఫ్ జాకెట్లు ఉన్నాయా అన్నాను. "మేడమ్, మోకాలి లోతే" అన్నాడు. కృష్ణలో మోకాలి లోతు పక్కనే ఇసుక తవ్విన గొయ్యి ఉంటుందని ఈ ఊళ్లో పుట్టినవాళ్లకు ఎవరూ చెప్పక్కర్లేదు. 2017 నవంబరు 12, కార్తీకమాసపు ఆదివారం, ఇబ్రహీంపట్నం ఫెర్రీ దగ్గర పడవ బోల్తా పడి ఇరవైమందికి పైగా పోయారు. వాళ్లలో ఎక్కువమంది ఒంగోలు నుంచి సరదాగా వచ్చినవాళ్లు. ఎక్కినవాళ్లకు లైఫ్ జాకెట్లు లేవు. దాని తర్వాతైనా నదీ తీరంలో "మోకాలి లోతే" అన్న మాట ఎవరి నోటా రాకూడదు.

మా చిన్నప్పుడు వేసవి సెలవులంటే ముంజలు, మామిడికాయలు, కాలవ ఈతలు అని రాసి మిమ్మల్ని విసిగించను. ఆ కాలవ ఈతలకు పోయిన పిల్లల్ని క్యాజువాలిటీ బల్ల మీద చూసినదాన్ని. పాత రోజులు అంత బంగారమేమీ కాదు.

చిట్టిని ఆ రోజే తీసుకొచ్చేశాను. మా అమ్మాయి నా మీద కేకలేసింది, చెప్పకుండా వెళ్లినందుకు. చార్టు చూపించాక మాట్లాడలేదు. ఆ రాత్రి గ్రూపులో ఆ రోజు ఫొటోలు వచ్చాయి. నేను నిలబడి మాట్లాడిన చోటే, ఆ షెడ్డే. ఫొటోల్లో ఎంత బాగుందో! క్యాను లేదు, చున్నీ ముక్క లేదు, తిరగని ఫ్యాన్లు లేవు. అన్నీ నవ్వులే. కెమెరా ఆయన పని తెలిసినవాడు.

డబ్బు అడిగితే రసీదు వెనక అక్షరాలు చూపించారు. వినియోగదారుల హెల్ప్‌లైన్ 1915కి ఫోన్ చేశాను. తెలుగులోనే మాట్లాడారు, ఫిర్యాదు నంబరు ఇచ్చారు. ఇవ్వబడదు అని వాళ్లంతట వాళ్లు అచ్చేసుకున్నంత మాత్రాన చట్టం నోరు మూసుకుని కూర్చోదు. 2019 నాటి వినియోగదారుల రక్షణ చట్టం కింద సేవలో లోపం ఉంటే జిల్లా వినియోగదారుల కమిషన్‌కి వెళ్లొచ్చు. కట్టిన సొమ్ము 5 లక్షలు దాటకపోతే ఫిర్యాదుకు ఫీజు కూడా లేదు. రెండేళ్ల లోపు వెళ్లాలి. కరపత్రం, రసీదు, గ్రూపు ఫొటోలు దాచుకోండి. నేను ఆ పెద్దమనిషికి ఇవన్నీ ఫోనులో నెమ్మదిగా చెప్పాను. మర్నాడు 3,000 వెనక్కి వేశాడు. "మీరు పెద్దవారని ఇస్తున్నాను మేడమ్. దయచేసి గ్రూపులో పెట్టొద్దు" అన్నాడు. గ్రూపులో పెట్టలేదు. పేపరుకు రాయొద్దని ఆయన అనలేదు.

ఒక మాట ఆయన పక్షాన కూడా చెప్పాలి. ఆయన అమ్మింది మేం కొనాలనుకున్నదే. మాకు నిజంగా కావాల్సింది గుర్రమా? కాదు. ఉద్యోగాలకు వెళ్లే తల్లిదండ్రులకు నాలుగు గంటలు పిల్లను నమ్మకంగా వదిలే చోటు కావాలి. ఆ మాట పైకి అనడానికి నామోషీ. పిల్లను ఎక్కడో వదిలేశాం అనుకోవడం కంటే రోబోటిక్స్‌లో చేర్పించాం అనుకోవడం బాగుంటుంది. అందుకే ఆయన పద్నాలుగు పేర్లు అచ్చేశాడు. "పిల్లల్ని నీడపట్టున ఉంచుతాం, చల్లటి నీళ్లు ఇస్తాం, మరుగుదొడ్డికి గడియ ఉంది, పదిమందికి ఒక పెద్దమనిషి ఉంటారు, పదకొండింటికల్లా ఇంటికి పంపిస్తాం" అని కరపత్రం వేసి ఉంటే 4,500 నేను సంతోషంగా కట్టేదాన్ని. అలాంటి కరపత్రం మీ పేపరు మడతలో ఇంతవరకూ రాలేదు.

మే రెండో వారం నుంచి చిట్టిని గ్రంథాలయానికి పంపించాం. మన రాష్ట్రంలో గ్రంథాలయాల్లో ఏటా వేసవి విజ్ఞాన శిబిరాలు పెడతారు, పైసా తీసుకోరు. నేను కూడా చాలా ఏళ్లు మీ జిల్లా పేజీలో ఆ వార్త చూసి పేజీ తిప్పేసినదాన్నే. ఉచితం అనగానే మనకు చులకన. 1911లో రామమోహన గ్రంథాలయం పెట్టుకున్న ఊరు మనది, ఆ పేరు చెప్పుకుని మురిసిపోతాం గానీ పిల్లను పంపాలంటే గులాబీ కరపత్రం వైపే చూస్తాం. అక్కడ రిటైరైన మాస్టారొకాయన కథలు పైకి చదివిస్తున్నారు. కాగితంతో కొంగలు, పడవలు మడతపెట్టడం నేర్పుతున్నారు. గుర్రాల్లేవు. మొదటి రోజు తీసుకురావడానికి వెళ్తే చిట్టి బల్ల ముందు కూర్చుని ఏదో చదువుకుంటోంది. నేను ముచ్చటపడి ఫోను తీశాను. ఫోను పైకి లేవగానే పుస్తకం కింద పెట్టేసి, వీపు నిటారుగా చేసి, రెండు వేళ్లు చెంప పక్కన పెట్టి నవ్వింది. నేను ఫోను దించగానే నవ్వు ఆరిపోయింది, మళ్లీ పుస్తకం తీసుకుంది. అయిదు రోజుల క్యాంపులో పద్నాలుగు విద్యల్లో అది బాగా వంటబట్టింది ఈ ఒక్కటే. నేను ఆ ఫొటో తీయలేదు.

మీరు చేయగలిగింది ఒకటి ఉంది. వచ్చే ఏడాది ఏప్రిల్లో ఈ శిబిరాల ప్రకటనలు వచ్చే రోజుల్లోనే, అదే జిల్లా పేజీలో గ్రంథాలయాల శిబిరాల చిరునామాలు కాస్త పెద్దక్షరాల్లో వేయండి. మీ విలేకరి ఒకరు ఎవరికీ చెప్పకుండా నాలుగు ప్రైవేటు శిబిరాలకు వెళ్లి మరుగుదొడ్లు చూసి రావాలి. పిల్లలు ఏం నేర్చుకున్నారని రాయనక్కర్లేదు, గడియ ఉందో లేదో రాస్తే చాలు. కార్పొరేషన్ వాళ్లు హోటళ్ల వంటగదులు తనిఖీ చేస్తున్నట్టే వీటినీ చూడొచ్చు. పిల్లలకు ప్రమాదమనిపిస్తే 1098కి ఎవరైనా ఫోన్ చేయొచ్చని కూడా ఒక మూల వేయండి. ఆ నంబరు పిల్లలకు నోటికి వచ్చి ఉండాలి. చిట్టికి నేర్పాను.

తల్లులకు, అమ్మమ్మలకు, నాయనమ్మలకు నేను చెప్పేది ఇంతే. సాయంత్రం పిల్లను "ఇవాళ ఏం నేర్చుకున్నావు" అని అడక్కండి. నీళ్లు ఎక్కడ తాగావు, బాత్రూమ్ ఎక్కడుంది, ఎవరు తోడొచ్చారు అని అడగండి. ఇంటికొచ్చిన నీళ్ల సీసా ఎత్తి బరువు చూడండి. ఒక రోజు చెప్పకుండా వెళ్లండి.

ఇంకో వారంలో బడులు తెరుస్తారు, ఈ గొడవ అందరం మరిచిపోతాం. అందుకే ఇప్పుడే రాశాను. ఉత్తరం పొడుగైతే గుర్రం సంగతి కోసేయండి గానీ చున్నీ ముక్క సంగతి ఉంచండి.

నా పేరు మాత్రం వేయకండి. ఆ శిబిరానికి భయపడి కాదు. పేరు చూస్తే వాళ్లకు ఏ రోజు ఎవరు వచ్చారో, ఎవరితో మాట్లాడారో తెలిసిపోతుంది. ఆ ఇంటర్ అమ్మాయికి ఇంకా పదిరోజుల కూలి రావాలట.

ఇట్లు,
ఒక రిటైర్డ్ స్టాఫ్ నర్సు,
సత్యనారాయణపురం, విజయవాడ.